నీళ్ళకు ప్లగిన్ లేదు

కొండమూరు మంచినీటి పథకం కార్యాలయంలో ఏసీ ఉన్న గది ఒక్కటే. అది ఇంజనీరు గారి గది కాదు, కంప్యూటరు గది. ఆ కంప్యూటరును అందరూ సర్వర్ అని గౌరవంగా పిలిచేవారు. లోపలికి పోయేటప్పుడు చెప్పులు బయట విడిచేవారు. వేసవిలో ఆ గౌరవం మరీ పెరిగి, ఎవరికి వారు ఏదో ఒక ఫైలు చంకన పెట్టుకుని వచ్చి, దాని ముందు అరగంటసేపు కళ్ళు మూసుకుని కూర్చునేవారు.

సర్వర్ చేసే పని మాత్రం చిన్నదే. రోజూ పొద్దున నాలుగింటికి పంపుహౌసులో మోటార్లు వేయిస్తుంది. పన్నెండు ఊళ్ళకు వెళ్ళే గొట్టాల మీద వాల్వులను ఒకదాని తరువాత ఒకటి తెరిచి మూస్తుంది. ఊరికి అరగంట. పదింటికల్లా త్రీఫేజు కరెంటు పోతుంది గనక ఆ లోపలే పన్నెండు అరగంటలూ అయిపోవాలి. వరసలో ఆఖరి ఊరు ఎర్రబోడు. తొమ్మిదిన్నర నుంచి పది దాకా దాని వంతు. అక్కడ ఏ బోరు వేసినా ఫ్లోరైడు నీళ్ళే పడతాయి. రెండు వందల కుటుంబాలు ఆ అరగంటలో పట్టుకున్న నీళ్ళతోనే మర్నాటి దాకా గడుపుకోవాలి.

సువర్చల ఎర్రబోడు పిల్లే. డిప్లొమా చదివి, సర్వర్ చూసుకునే కాంట్రాక్టు ఆపరేటరుగా చేరి రెండేళ్ళయింది. నలుగురిలో మాట్లాడాలంటే ఆమెకు గొంతు పెగలదు. ఇంజనీరు గారి ఎదుట ఆమె వాడే మాటలు రెండే: "అవును సార్", "సరే సార్". సర్వరుతో అయితే ఏ ఇబ్బందీ లేదు. అది ఎవరమ్మాయివని అడగదు, గట్టిగా మాట్లాడమని కసరదు.

కిందటేడు ఒకసారి డిస్కు నిండిపోయి, రెండు రోజులపాటు వాల్వులు తెరుచుకోలేదు. మళ్ళీ అలా జరగకుండా సువర్చల అందులో ఒక లెక్కల ప్రోగ్రాం పెట్టింది. తెర వెనక కూర్చుని పది సెకన్లకోసారి సర్వర్ నాడి చూసి రాసిపెట్టుకోవడం దాని ఉద్యోగం. ఒక్కో సంగతి చూడడానికి అందులో ఒక్కో ముక్క ఉంటుంది. ఆ ముక్కను ప్లగిన్ అంటారు. డిస్కు ఎంత నిండింది, మెమరీ ఎంత మిగిలింది, పెట్టె ఎంత వేడెక్కింది, ఇలాంటి వాటికి ఆరు ప్లగిన్లు చాలనుకుంది ఆమె. మిగతా ప్లగిన్ల పేర్లు కూడా ఆ ప్రోగ్రాం ఫైల్లో వరసగా ఉన్నాయి గానీ ప్రతి పేరు ముందూ ఒక హ్యాష్ గుర్తు ఉంది. గుర్తు ఉన్నంతకాలం ఆ ప్లగిన్ నిద్రలో ఉన్నట్టు. గుర్తు చెరిపేస్తే లేచి పనిలోకి వస్తుంది.

ఇదంతా ఎవరికీ తెలియదు. తెలియనన్నాళ్ళూ ఎర్రబోడుకు నీళ్ళు వచ్చాయి.

అలా ఉండగా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు పరాంకుశం గారు 'గణాంకాధారిత పాలన' మీద మూడు రోజుల శిక్షణకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు చేతిలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో ధ్రువపత్రం, కళ్ళలో ఒక వెలుగు ఉన్నాయి. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా సర్వర్ గదిలోకి వచ్చారు. తొందరలో చెప్పులు విప్పడం కూడా మరిచిపోయారు.

"మన దగ్గర గణాంకాలు సేకరిస్తున్నామా?" అన్నారు.

"అవును సార్," అని సువర్చల ఫైలు తెరిచి చూపించింది.

పరాంకుశం గారు కళ్ళజోడు సవరించుకుని తెరను పైనుంచి కిందికి చదివారు. "ఈ అడ్డగీతల నిలువుగీతల గుర్తేమిటి?"

"హ్యాష్ సార్. అది ముందుంటే ఆ ప్లగిన్ పనిచేయదు సార్."

"మొత్తం ఎన్ని ఉన్నాయి?"

"నూట పద్దెనిమిది సార్."

"పనిచేస్తున్నవి?"

"ఆరు సార్."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "మంజూరైన పోస్టులు నూట పద్దెనిమిది. విధులకు హాజరవుతున్నవి ఆరు. తక్కిన నూట పన్నెండూ తలుపు ముందు జాలీ అడ్డం పెట్టుకుని నిద్రపోతున్నాయన్నమాట! ఇంతకాలం ఎవరూ ఆక్షేపణ తెలపలేదా?"

"అవి మనకు అవసరం..." అని సువర్చల నసిగింది.

"అవసరం ఉన్నదీ లేనిదీ నిర్ణయించడానికి మనమెవరం? ఖాళీ ఉంటే భర్తీ చేయడం వరకే మన పరిధి."

మర్నాడు సమీక్షా సమావేశం. గోడకు తెల్లగుడ్డ కట్టి, సర్వర్ అంకెలు దాని మీద పడేలా చేశారు. మొదట ప్రాసెసరు అంకె కనబడింది. ఐడిల్: తొంభై నాలుగు శాతం.

"అంటే?" అన్నారు పరాంకుశం గారు.

"వందలో తొంభై నాలుగు పాళ్ళు ఖాళీగా ఉంది సార్," అంది సువర్చల వినీ వినిపించనట్టు.

 అక్కడ కూర్చున్న వాళ్ళలో చాలామంది తమ సంగతి బయటపడిందేమోనని కాసేపు భయపడి, కాదని తెలిశాక సర్వర్ మీద మండిపడ్డారు. సూపరింటెండెంటు అచ్యుతరావు అందరికన్నా ఎక్కువ బాధపడ్డాడు. ముప్పై ఏళ్ళుగా మెమోలు రాసి రాసి ఆయన చూపుడువేలు కొంచెం వంకర తిరిగింది.

"పదహారు జీబీ మెమరీ కేటాయిస్తే, పదకొండు వాడకుండా మిగిల్చింది సార్," అన్నాడాయన. "మార్చి ముప్పై ఒకటి నాటికి మురిగిపోదూ?"

"మురగదండీ," అంది సువర్చల.

"అందరూ ముందు అలాగే అంటారమ్మా."

సాయంత్రానికల్లా సర్వర్ పేర మెమో తయారైంది. 'తమరు విధినిర్వహణలో తొంభై నాలుగు శాతం సోమరిగా ఉన్నట్లు ఈ కార్యాలయం దృష్టికి వచ్చినందున, ఏడు రోజుల లోపల సంజాయిషీ ఇవ్వవలసిందిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది.' దాన్ని అందజేయడానికి అటెండరు కోటమ్మ వెళ్ళింది. యాభై దాటిన మనిషి, ఇంజనీర్లను నలుగురిని చూసింది. పెట్టెకు జిగురు రాసి మెమో అంటించి వచ్చి, అచ్యుతరావు బల్ల ముందు నిలబడింది.

"అయ్యా, సంతకం పెట్టమంటే పెట్టలా. తీసుకోటానికి నిరాకరించిందని రాయమంటావా, అంటించి వచ్చానని రాయమంటావా?"

అచ్యుతరావు చాలాసేపు ఆలోచించాడు. "అంటించడమైనది, నిరాకరించలేదు, అని రాయి," అన్నాడు.

ఇక ప్లగిన్లను లేపే కార్యక్రమం మొదలైంది. ఒక్కో హ్యాష్ గుర్తు చెరపడానికి ఒక్కో నోటు ఫైలు. నోటు కింద నలుగురి సంతకాలు. నాలుగో సంతకం పడ్డాక సువర్చల కీబోర్డు మీద ఒక్క మీట నొక్కేది. పదిరోజుల్లో నూట పన్నెండు గుర్తులూ పోయాయి. పదకొండో రోజు అచ్యుతరావు వచ్చి, "తీసిన గుర్తులు ఎక్కడ భద్రపరిచావమ్మా?" అని అడిగాడు.

"చెరిగిపోయాయి సార్."

"చెరిగిపోవడమేమిటి? ప్రభుత్వ ఆస్తి! రేపు ఆడిట్ వాళ్ళు వచ్చి నూట పన్నెండు చూపించమంటే నీ మొహం చూపిస్తావా, నా మొహం చూపిస్తావా?"

సువర్చల ఒక కాగితం మీద నూట పన్నెండు హ్యాష్ గుర్తులు అచ్చువేసి ఇచ్చింది. ఆయన ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని, కవరులో పెట్టి, లక్క సీలు వేసి బీరువాలో దాచాడు. స్టాకు రిజిస్టరులో 'హ్యాషులు, పాతవి, వాడినవి' అని రాసుకున్నాడు.

లేచిన ప్లగిన్లన్నీ కుదురుగా లేవు. కొన్ని సున్నాలు చూపిస్తున్నాయి. సున్నా అంటే పరాంకుశం గారికి ఒళ్ళు మండేది. ఒక ప్లగిన్ పని బ్యాటరీ ఎంత మిగిలిందో చూడడం. అది ల్యాప్‌టాపుల కోసం పెట్టిన ప్లగిన్. సర్వరుకు బ్యాటరీ లేదు.

"లేకపోతే లేదని చేతులు ముడుచుకుని కూర్చుంటామా?" అన్నారాయన. "ఒక ప్లగిన్ పొద్దస్తమానం ఖాళీ స్టూలు వంక చూస్తూ ఉండాలా? దానికి మాత్రం మనసుండదా?"

నాలుగో రోజున ఒక లారీ బ్యాటరీ వచ్చింది. దాన్ని స్టూలు మీద పెట్టి, పసుపు రాసి, రెండు తీగలు సర్వరుకు కలిపారు. ఆ తీగలు దేనికి కలపాలో తెలియక సువర్చల రెండు రోజులు తిండి మానేసి ఏదో ఒకటి చేసింది. తెర మీద పన్నెండున్నర వోల్టులని పడగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బ్యాటరీ దేన్నీ నడపదు. దాన్ని చూడడానికి ప్లగిన్ ఉంది గనక అది ఉంది. అయితే రోజూ చూస్తుంటే ఛార్జి తరిగి అంకె పడిపోసాగింది. ఆ అంకె పడిపోకుండా ఉండడానికి ఒక ఛార్జరు కొన్నారు.

ఇంకొక ప్లగిన్ ఈమెయిలు ఉత్తరాలు లెక్కపెట్టేది. ఈ కార్యాలయంలో ఈమెయిలు లేదు గనక ఒకటి పెట్టి, మనిషికి రోజుకు పది చొప్పున పంపాలని లక్ష్యం విధించారు. అచ్యుతరావు తనకు తానే పది రాసుకుని, 'తమ లేఖ అందినది, పరిశీలనలో ఉన్నది' అని తనకు తానే పది జవాబులు ఇచ్చుకునేవాడు. ఒకరోజు జవాబు ఆలస్యమైందని తన మీద తనే కోప్పడ్డాడని కోటమ్మ చెప్పింది.

సర్వర్ లోపల ఎంతమంది లాగినై ఉన్నారో చూసే ప్లగిన్‌లో ఎప్పుడూ 'ఒకటి' ఉండేది. ఆ ఒకటి సువర్చల. "ఇంత పెద్ద పథకానికి ఒక్కరా?" అని పరాంకుశం గారు అందరినీ లాగిన్ చేయించారు. డ్రైవరు లాగినయ్యాడు, తోటమాలి లాగినయ్యాడు. కోటమ్మ లాగినైంది. "ఏం చేయాల్నమ్మాయ్ ఇప్పుడు?" అని అడిగింది.

"ఏం చెయ్యక్కర్లేదత్తా. ఊరకే ఉండు."

"ఊరకుండేదానికి లోపలికెందుకు పోవాల? బయట ఊరకే ఉన్నాగా ఇన్నాళ్ళూ."

ఆఖరి సంస్కరణ ఒకటి మిగిలింది. ప్లగిన్లు పది సెకన్లకోసారి లెక్కపెట్టడం పరాంకుశం గారికి నచ్చలేదు. "మధ్యలో తొమ్మిది సెకన్లు ఏం జరుగుతున్నదో ప్రభుత్వానికి తెలియకుండా పోతున్నది," అన్నారు. నూట పద్దెనిమిదీ సెకనుకోసారి లెక్కపెట్టేలా మార్చారు. ఆ సాయంత్రం ఐడిల్ రెండు శాతానికి పడిపోయింది. మెమరీ పదహారుకు పదహారూ ఖర్చయింది. కార్యాలయంలో మిఠాయిలు పంచారు. కోటమ్మ పోయి పెట్టె మీది మెమోను గోళ్ళతో గీకి పీకేసింది.

మర్నాడు ఎర్రబోడుకు నీళ్ళు రాలేదు.

రాకపోవడంలో వింతేమీ లేదు. సర్వర్ లెక్కలతో తలమునకలై ఉంది. 'మొదటి ఊరి వాల్వు తెరువు' అనే మాట వాల్వును చేరేసరికి నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. రెండో ఊరికి ఎనిమిది నిమిషాలైంది. అలా పోగుపడి పోగుపడి, ఎర్రబోడు వంతు వచ్చేసరికి పది దాటి కరెంటు పోయింది. సువర్చలకు ఫోను మోగింది.

"ఏందే అమ్మీ, ఇయ్యాల నీళ్ళు రాలా?" అంది వాళ్ళమ్మ నరసమ్మ.

"రేపొస్తాయిలేమ్మా."

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. మూడో రోజున ఎర్రబోడు వాల్వు కాపలా చూసే చినమస్తాన్ టీవీఎస్ బండి మీద కార్యాలయానికి వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. చెమటకు చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. పరాంకుశం గారి గదిలోకి నేరుగా వెళ్ళాడు. సువర్చల తలుపు దగ్గర నిలబడింది.

"అయ్యా, మూడు రోజులాయె. మా ఊళ్ళో గొంతు తడుపుకోను సుక్క లేదు."

పరాంకుశం గారు గోడ మీది తెర వైపు చేయి చాపారు. తెర నిండా పచ్చటి గీతలు పారుతున్నాయి. "నూట పద్దెనిమిది సూచికలు ఉన్నాయయ్యా ఇక్కడ. అన్నీ పచ్చగా ఉన్నాయి. నీళ్ళు రాలేదని ఏది చెబుతున్నది?"

"నేను జెబుతున్నానయ్యా."

"నువ్వు ఏ ప్లగిన్?"

చినమస్తాన్ సువర్చల వైపు చూశాడు. సువర్చల నేల వైపు చూసింది.

పరాంకుశం గారు మంచి మనిషే. ఫిర్యాదును తోసిపుచ్చలేదు. "ఏమ్మా, ఇందులో నీళ్ళకు ప్లగిన్ ఉందా?" అని అడిగారు.

"లేదు సార్. ఇవి కంప్యూటరు సంగతులు చూసేవి సార్. నీళ్ళు..."

"లేదు కదా. లేనప్పుడు నీళ్ళు రాలేదని నిర్ధారించడానికి ఆధారం లేదు. వచ్చాయనడానికీ లేదు. కనుక ఇది గణాంక పరిధికి వెలుపలి అంశం."

"పోనీ నా చేత్తో నేనే తిప్పుకుంటానయ్యా వాల్వు," అన్నాడు చినమస్తాన్. "కంప్యూటరొచ్చిందని దాని చక్రం ఊడబీక్కొచ్చారు మీవోళ్ళు. ఆ చక్రం ఇప్పించండి, పోతా."

చక్రం స్టోరులో ఉంది. స్టోరులో ఉన్నదాన్ని వెనక్కు ఇచ్చే పద్ధతి లేదని అచ్యుతరావు చెప్పాడు. అయితే అంత దూరం వచ్చిన మనిషిని ఊరకే పంపడం ఇష్టంలేక పరాంకుశం గారు అతన్ని లాగిన్ చేయించారు. లోపలున్నవాళ్ళు పంతొమ్మిది మందయ్యారు. చినమస్తాన్ బయటికి వచ్చి బండి ఎక్కుతూ, "ఏందమ్మా సువర్చలా, నన్ను దేంట్లోనో ఏసుకున్నారు. మళ్ళీ తీస్తారా, ఇంతేనా?" అన్నాడు.

"ఏంకాదులే బాబాయ్," అందామె. 

అంతటితో ఆగితే బాగుండేది. కొండమూరు అంకెలు పైవారికి నచ్చి, చీఫ్ ఇంజనీరు గారు వచ్చే బుధవారం స్వయంగా తనిఖీకి వస్తున్నట్టు ఉత్తరం వచ్చింది. పరాంకుశం గారు ఆ రోజంతా తెర ముందు నిలబడి గీతలను పరిశీలించారు. ప్రాసెసరు గీత చదునుగా, నున్నగా ఉంది. రోజూ పొద్దున నాలుగు నుంచి పది దాటేదాకా మాత్రం పన్నెండు చిన్న చిన్న బొడిపెలు లేస్తున్నాయి.

"ఆ కురుపులేమిటి?"

"వాల్వులు తెరిచే ప్రోగ్రాం సార్. అది నడిచినప్పుడల్లా కొంచెం పెరుగుతుంది సార్."

"అది మన నూట పద్దెనిమిదిలో ఉందా?"

"లేదు సార్."

"అంటే అనుమతి లేకుండా సర్వర్‌లో ఇంకెవరో పనిచేస్తున్నారు! గణాంకాలకు అంతరాయం కలిగిస్తున్నారు! తక్షణం ఆపించు. బుధవారం నాటికి గీత నిఖార్సుగా ఉండాలి."

సువర్చల అడ్డుపడబోయింది. "సార్, అది ఆపితే పన్నెండు ఊళ్ళకూ..."

"గట్టిగా చెప్పమ్మా."

ఆమె గట్టిగా చెప్పలేకపోయింది. "సరే సార్," అంది. సోమవారం సాయంత్రం అచ్యుతరావు 'సంబంధం లేని ప్రోగ్రాము నిలుపుదల' అని నోటు రాసి, ఆమెతో ఆపించి, ఆపినట్టు సంతకం చేయించుకున్నాడు. చేస్తున్నప్పుడు ఆమె చేయి వణకడం చూసి, "మొదటి సంతకం ఎవరికైనా అంతేనమ్మా, అలవాటవుతుంది," అని ఓదార్చాడు.

మంగళవారం మధ్యాహ్నానికి పన్నెండు ఊళ్ళ నుంచీ ఫోన్లు వస్తున్నాయి. సువర్చల క్యారేజీ విప్పుకుని కూర్చుంది గానీ ముద్ద నోట్లోకి పోలేదు. పొద్దున వాళ్ళమ్మ చేసిన ఫోనే చెవిలో మోగుతోంది. నాలుగు మైళ్ళ అవతలి క్వారీ గుంటలో నీళ్ళు తెచ్చుకున్నారట. అవి తాగి అంగన్‌వాడీ పిల్లలు ముగ్గురికి వాంతులవుతున్నాయట. వాళ్ళలో చిట్టిగాడు సువర్చల అక్క కొడుకు.

"ఏందమ్మాయ్, అన్నం చేత్తో పట్టుకుని గోడకేసి చూత్తన్నావు?" అంది పక్కన కూర్చున్న కోటమ్మ.

గోడ మీద ప్లగిన్ల జాబితా ఉంది. ఒక్కో ప్లగిన్‌కు ఎదురుగా దాన్ని చూసుకునే ఉద్యోగి పేరు ఉంది. ఒక్కదానికి ఎదురుగా మాత్రం ఖాళీ. దాని పేరు ఎగ్జెక్. అదేం లెక్కపెడుతుందో ఎవరికీ అంతుపట్టక ఎవరూ తీసుకోలేదు. నిజానికి దానికంటూ సొంత లెక్క లేదు. బయటి ప్రోగ్రాం దేన్నయినా నడపమంటే నడుపుతుంది. అది తెచ్చి ఇచ్చిన అంకెను రాసుకుంటుంది. అంతే.

సువర్చల చాలాసేపు ఆ ఖాళీ గడి వంక చూసింది. తరువాత చేయి కడుక్కుని వచ్చి, ఒక తెల్లకాగితం తీసుకుంది. జీవితంలో మొదటిసారి నోటు రాసింది. అచ్యుతరావు దగ్గర రెండేళ్ళు విన్న మాటలన్నీ అప్పుడు అక్కరకొచ్చాయి. 'ఎగ్జెక్ అను ప్లగిన్ గణాంకములు లేక నిరుపయోగముగా ఉన్నందున, దాని ద్వారా గ్రామ ప్రవాహ సూచిక సేకరించుటకు అనుమతి కోరడమైనది.' రాసి చదువుకుంటే తనకే భయం వేసింది. చెప్పులు బయట విడిచి పరాంకుశం గారి గదిలోకి వెళ్ళింది.

ఆయన నోటు చదివారు. మొహం వికసించింది. "కొత్త గ్రాఫు వస్తుందా?"

"వస్తుంది సార్. ఒకటి సార్. ఎర్రబోడుది."

"ఒకటా? పన్నెండు గ్రామాలుండగా ఒకటే పెడితే పన్నెండో వంతు ప్రగతి అంటారు రేపు. పన్నెండూ పెట్టు!"

 "పెడతాను సార్. కానీ సార్, ఆ అంకె రావాలంటే వాల్వు తెరవాలి సార్. గొట్టంలో నీళ్ళు పారాలి సార్."

పరాంకుశం గారు కలం గడ్డానికి ఆనించి ఆలోచించారు. "పారనీ. గణాంకాల కోసం దేనికీ వెనకాడవద్దని శిక్షణలో స్పష్టంగా చెప్పారు. అయితే నిన్న ఆపిన ప్రోగ్రాం?"

"అది ఆపే ఉంది సార్. ఇది ప్లగిన్ సార్."

"అదీ మాట! ప్లగిన్ అయితే ఇబ్బంది లేదు. మరి గీతలో ఆ కురుపులు?"

"ఇప్పుడవి సూచికలు సార్."

ఆయన సంతకం చేయబోయారు. సువర్చల అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంకొక్క మాట అంది. ఈసారి అవతలి గదిలో అచ్యుతరావుకు కూడా వినబడింది. "సార్, తక్కినవి సెకనుకోసారి లెక్కపెడుతుంటే ఎర్రబోడు అంకె వచ్చేలోపల కరెంటు పోతుంది సార్. సున్నా పడుతుంది సార్."

"సున్నా!" పరాంకుశం గారి కలం ఆగిపోయింది. "చీఫ్ గారి ముందా?"

"తక్కినవాటిని పదిన్నర తరువాత లేపితే సార్... ఆఫీసు టైము కూడా అదే కద సార్."

అది ఆయనకు ఎంతో న్యాయంగా తోచింది. పదిన్నరకు ముందు ఈ కార్యాలయంలో ఎవరు మాత్రం పనిచేస్తున్నారు? ప్లగిన్లకు కూడా పనివేళలు ఉండాలి కదా. నోటు మీద 'అనుమతించడమైనది, ఇతర ప్లగిన్లు కార్యాలయ వేళలు పాటించవలెను' అని రాసి, కింద ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు.

బుధవారం పొద్దున తొమ్మిదీ ముప్పై రెండుకు సువర్చల ఫోను మోగింది. ముందు మాట వినబడలేదు, బిందెల చప్పుడు వినబడింది.

"నీళ్ళొచ్చినయ్యే!" అంది నరసమ్మ. "ధారగా వత్తన్నయ్. పిల్లోళ్ళకు కాచి పోస్తన్నాం. ఏం చేశావే?"

"లెక్కపెడుతున్నానమ్మా."

"లెక్కపెడితే వత్తయ్యా నీళ్ళు?"

"లెక్కపెట్టాలంటే రావాల గదమ్మా."

నరసమ్మకు అర్థం కాలేదు. బిందె నిండిందని ఫోను పెట్టేసింది.

పదకొండింటికి చీఫ్ ఇంజనీరు గారు వచ్చారు. లారీ బ్యాటరీని చూసి తల పంకించారు. లాగినై ఉన్న పంతొమ్మిది మందిలో ఒక పేరు పక్కన 'వాల్వు కాపలా, ఎర్రబోడు' అని ఉండడం చూసి, 'ప్రజాభాగస్వామ్యం' అని పుస్తకంలో రాసుకున్నారు. పన్నెండు పచ్చటి గుట్టల్లా ఉన్న కొత్త గ్రాఫు ముందు ఆగిపోయారు.

"చాలా కళాత్మకంగా ఉంది. ఏమిటిది?"

"గ్రామ ప్రవాహ సూచిక సార్," అన్నారు పరాంకుశం గారు. "కేవలం ఈ గణాంకం కోసం రోజూ ఆరు గంటలపాటు ప్రత్యేకంగా నీళ్ళు వదిలిస్తున్నాం."

"మంచిది. వదిలాక ఆ నీళ్ళు ఏమవుతున్నాయి?"

 పరాంకుశం గారు అచ్యుతరావు వైపు చూశారు. అచ్యుతరావు సువర్చల వైపు చూశాడు. టీ కప్పుల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ కోటమ్మే చివరికి నోరు విప్పింది.

"తాగుతున్నారండయ్యా."

చీఫ్ గారు కనుబొమలు ముడిచి, ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నారు.

వారం తిరక్కుండానే పైనుంచి ఉత్తరం వచ్చింది. 'గణాంక సేకరణ నిమిత్తం విడుదల చేయుచున్న నీటిని గ్రామస్థులు బిందెలతో, బకెట్లతో పట్టుకుపోవుచున్నట్లు తనిఖీలో వెల్లడైనది. దీనివలన గణాంకములకు నష్టము ఏమైనా వాటిల్లుచున్నదా, సంబంధిత ప్లగిన్ ఇన్‌ఛార్జి తిరుగు టపాలో తెలియజేయవలెను.'

ఇన్‌ఛార్జి సువర్చల. ఆమె మూడు చిత్తుప్రతులు రాసి చించేసి, నాలుగోదాన్ని సాపుగా రాసింది. 'నీరు గొట్టములో పారునప్పుడే లెక్క నమోదగుచున్నందున, అటుపిమ్మట దానిని ఎవరు తాగినను గణాంకములకు నష్టము లేదు.' కింద సంతకం చేసింది. చేయి వణకలేదు.

దాని మీద పైవారు చాలాకాలం ఆలోచించి ఉత్తర్వు ఇచ్చారు. ఎర్రబోడుతో సహా పన్నెండు ఊళ్ళ ప్రజలూ తదుపరి ఉత్తర్వులు వెలువడేవరకు, తాత్కాలిక ప్రాతిపదికన, మంచినీళ్ళు తాగుతున్నారు.